గుర్రం తనంతట తాను మీ దగ్గరికి రావాలంటే

గుర్రాన్ని తెచ్చుకున్న కొత్తలో అందరూ చేసే పనే నేనూ చేశాను. జేబు నిండా క్యారెట్ ముక్కలు వేసుకుని వెళ్లడం, నా గుర్రం చుక్కి మూతి చాచి జేబు తడమడం, అది చూసి అబ్బ నేనంటే ఎంత ప్రేమో అని మురిసిపోవడం. ఒకరోజు జేబు ఖాళీ. రెండుసార్లు మూతితో పొడిచి చూసింది, ఏమీ తగలకపోయేసరికి చొక్కాతో పాటు నా పొట్ట దగ్గర చర్మం కూడా కలిపి పట్టుకుంది. గాటు మానడానికి రెండు వారాలు పట్టింది గానీ, దాని ప్రేమ జేబు మీదేనని అర్థం కావడానికి అంతసేపు పట్టలేదు.

అందుకే చెబుతున్నా, తాయిలాలతో మొదలుపెట్టకండి. పెట్టాలనిపిస్తే దాణా తొట్టిలో వేయండి, చేత్తో తినిపించడం ఇప్పుడే వద్దు.

మొదటి వారం పది రోజులు అసలు ఏమీ చేయకండి. చేతిలో తాడు లేకుండా, ఏ పనీ పెట్టుకోకుండా, రోజూ ఓ అరగంట కంచె బయట కూర్చోండి. ఫోన్ చూసుకోండి, ఏదైనా చదువుకోండి, గుర్రాన్ని మాత్రం కళ్లార్పకుండా చూడకండి. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు దొరికిపోయే జంతువు. చూపు దాని మీదే పెట్టి, చెయ్యి ముందుకు చాచి, తిన్నగా దాని మీదికే నడిచొచ్చేవాడు దాని లెక్కలో పులికి ఎక్కువా తోడేలుకి తక్కువా కాదు. పైగా మనం వచ్చిన ప్రతిసారీ జీను, కళ్లెం, పని. మనం కనిపించగానే అది అవతలి మూలకి వెళ్లిపోతే తప్పు దానిది కాదు. ఏ పనీ చెప్పకుండా కూడా ఈ మనిషి వస్తాడు అన్న సంగతి దానికి తెలియాలి. మూడో రోజో ఐదో రోజో, మీరు చూడనప్పుడు, మెల్లగా నడిచొచ్చి మీ చెవి దగ్గర ముక్కుతో గాలి వదులుతుంది. అప్పుడు కూడా గబుక్కున చెయ్యి ఎత్తకండి. వాసన చూసుకోనివ్వండి.

దగ్గరికి వెళ్లేటప్పుడు ఎటునుంచి వెళ్లాలన్నది చిన్న విషయం కాదు. దాని కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి, కదలకుండా నిలబడే చుట్టూ దాదాపు 350 డిగ్రీలు చూస్తుంది, కనిపించనివి రెండే చోట్లు, నుదుటికి ఎదురుగా బాగా దగ్గరగా ఉన్నదీ, తోక వెనక ఉన్నదీ. మనం సినిమాల్లో చూసి నేర్చుకున్నట్టు నేరుగా వెళ్లి నుదురు నిమురుతామే, ఆ చెయ్యి సరిగ్గా కనిపించని చోటుకే వస్తుందన్నమాట. భుజం వైపు నుంచి, ఏదో ఒకటి మాట్లాడుతూ, కాస్త వంకరగా నడిచి వెళ్లండి. మొదట తాకేది భుజాన్ని. వెనక నుంచి దాటాల్సి వస్తే చెయ్యి దాని తుంటి మీద వేసి ఒంటికి ఆనుకున్నంత దగ్గరగా దాటండి, లేదా తన్ను తగలనంత దూరం నుంచి తిరిగి వెళ్లండి, మధ్యదూరమే ప్రమాదం.

ఇక గోకడం. మెడ అయిపోయి వీపు మొదలయ్యే చోట, జూలు చివర, కాస్త ఎత్తుగా ఎముక తగులుతుంది. గుర్రాలు ఒకదానికొకటి ఎదురెదురుగా నిలబడి పళ్లతో గోక్కునేది అక్కడే. అక్కడ గోకితే గుండె వేగం తగ్గుతుందని కొలిచి మరీ చూశారు. వేళ్ల కొసలతో గట్టిగా గోకండి, గుర్రానికి చక్కిలిగింతలు పెట్టినట్టు నిమిరితే ఈగ వాలిందనుకుని చర్మం విదిలిస్తుంది. సరైన చోటు దొరికిందో లేదో మూతే చెబుతుంది. చుక్కికైతే ముందు మెడ సాగుతుంది, కళ్లు సగం మూతపడతాయి, తర్వాత పై పెదవి ఏనుగు తొండానికి చెల్లెలిలా పొడుగ్గా సాగి గాల్లో వణుకుతుంది. ఎన్నిసార్లు చూసినా నవ్వొస్తుంది.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, గుర్రానికి నచ్చింది కదా అని గోకుతూనే ఉంటారు. పది సెకన్లు గోకి ఆపండి. చెయ్యి తీసి ఒక అడుగు వెనక్కి వేయండి. అది మీ వైపు ఒరిగితే మళ్లీ గోకండి, పక్కకి వెళ్లిపోతే వెళ్లనివ్వండి, వెంటపడకండి. నన్నడిగితే గుర్రంతో స్నేహం మొత్తం ఈ ఆపడంలోనే ఉంది. వద్దంటే మానేసే మనిషి అని ఒకసారి నమ్మకం కుదిరిందా, ఆ తర్వాత అది వద్దనడమే తగ్గిపోతుంది.

తాడు పట్టినా ఇదే సూత్రం. గుర్రం నేర్చుకునేది మీరు లాగినప్పుడు కాదు, లాగడం ఆపినప్పుడు. తాడు కాస్త బిగించి అలాగే పట్టుకోండి, అది ముందుకు అర అడుగు వేసినా సరే, కనీసం బరువు ముందుకి మోపినా సరే, ఆ క్షణంలోనే వదులు చేయండి. రెండు సెకన్లు ఆలస్యమైతే పాఠం మారిపోతుంది. ఈ దెబ్బ నేను బాగా తిన్నాను. కళ్లెం తొడగబోతే చుక్కి తల పైకెత్తేది, అందక నేను చెయ్యి దించేసేవాణ్ణి, అలా నెల రోజుల్లో తల ఎత్తితే కళ్లెం తప్పుతుందని దానికి నేనే ట్రైనింగ్ ఇచ్చాను. మళ్లీ మొదటికి వచ్చి, చెయ్యి దాని తల మీదే తేలిగ్గా ఉంచి, తల దించినప్పుడే తీస్తూ పోతే సరిచేయడానికి మూడు నెలలు పట్టింది. ఇంకోమాట, తాడు ఎప్పుడూ చేతికి చుట్టుకోకండి, బెదిరి పరిగెత్తిందంటే వేళ్లు పోతాయి.

టెన్షన్‌గా ఉన్న రోజు గుర్రం ముందు నటించొచ్చు అనుకోకండి. జర్మనీలో హాన్స్ అనే గుర్రం ఉండేది, లెక్క అడిగితే గిట్టతో నేల మీద తట్టి జవాబు చెప్పేది, అంతా నోరు తెరిచారు. 1907లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే సైకాలజిస్టు పరీక్షించి చూస్తే, అడిగినవాడికి జవాబు తెలియకపోతే హాన్స్‌కీ తెలిసేది కాదు. సరైన అంకె రాగానే అడిగినవాళ్లకి తెలియకుండానే తల, ఒళ్లు ఇసుమంత కదిలేవి, అది చూసి తట్టడం ఆపేది. లెక్కలు రాకపోతేనేం, మనిషిని చదవడం వచ్చు కదా! 2016లో ససెక్స్ యూనివర్సిటీ వాళ్లు ముక్కూమొహం తెలియని మనుషుల ఫోటోలు చూపిస్తే, కోపంగా ఉన్న మొహం చూసినప్పుడు గుర్రాల గుండె ఇంకా త్వరగా వేగం అందుకుంది. అందుకే మనసు బాగాలేని రోజు సవారీ పెట్టుకోకండి. లద్దె ఎత్తండి, నీళ్ల తొట్టి కడగండి, చాలు. మీ పని చూస్తూ అది పక్కన నిలబడుతుంది, అదీ లెక్కలోకే వస్తుంది.

గిట్టలు శుభ్రం చేయడం రోజూ చేయాల్సిన పని. గుర్రానికి కాలే ప్రాణం, ప్రమాదం వస్తే దానికి తెలిసిన మొదటి దారి పారిపోవడం, ఆ కాలుని మీ చేతికి ఇమ్మంటున్నారు. భుజం మీద నుంచి చెయ్యి తీయకుండా కిందికి జార్చుకుంటూ వచ్చి, మడమ పైన నరం దగ్గర మెల్లగా నొక్కండి. ఎత్తితే రెండు సెకన్లు పట్టుకుని, అది లాక్కోకముందే మీరే కింద పెట్టేయండి, అదీ పడేయకుండా, నెమ్మదిగా. రేపు నాలుగు సెకన్లు. శుభ్రం చేసేటప్పుడు మడమ నుంచి కొన వైపుకి గీకండి, అడుగున ముక్కోణంలా ఉండే మెత్తటి భాగాన్ని పొడవకండి. కుళ్లు వాసన వచ్చినా, ఒక గిట్ట మిగతావాటి కంటే వేడిగా ఉన్నా డాక్టరుకి చెప్పాల్సిందే.

మొండితనం అని మనం పేరు పెట్టేవాటిలో చాలావరకు నొప్పులే. జీను బిగిస్తుంటే చెవులు వెనక్కి అతికించేస్తే ముందు వీపు తడిమి చూడండి, తర్వాత జీను కొలత చూడండి. కళ్లెం పెట్టగానే తల విదిలిస్తుంటే నోరు చూపించండి. గుడ్డి గుర్రానికి పళ్లు తోమడం అని ఎగతాళిగా అంటాం గానీ, దాని పళ్లు ఏళ్ల తరబడి బయటికి వస్తూనే ఉంటాయి, అరుగుదల సమంగా లేకపోతే అంచులు కత్తుల్లా తయారై బుగ్గ లోపల కోస్తాయి, అందుకే ఏడాదికోసారైనా డాక్టరు చేత చూపించి అరగదీయించాలి.

మీ గుర్రం బాగున్నప్పుడు ఎలా ఉంటుందో అంకెల్లో తెలుసుకుని పెట్టుకోండి. దవడ ఎముక కింది అంచున వేలు జరుపుతుంటే తాడులాంటి రక్తనాళం తగులుతుంది, తీరిగ్గా నిలబడి ఉన్నప్పుడు నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. ఒంటి వేడి 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మధ్య. డొక్క వైపు పదేపదే తిరిగి చూసుకోవడం, కాలితో నేల గీకడం, పడి దొర్లడం, లద్దె వేయకపోవడం, గడ్డి ముట్టకపోవడం, ఇవి కడుపునొప్పి గుర్తులు. గుర్రం వాంతి చేసుకోలేదు, లోపల చిక్కుకున్నది వెనక్కి వచ్చే దారి లేదు. తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి. అర్ధరాత్రైనా ఫోన్ చేయండి.

తిండి సంగతి క్లుప్తంగా: దాని పొట్టలో ఆమ్లం ఆగకుండా ఊరుతూనే ఉంటుంది కాబట్టి గంటల తరబడి ఖాళీ కడుపుతో ఉంచితే పుండ్లు పడతాయి. ముందు గడ్డి, తర్వాతే దాణా.

చెప్పడానికి మనసొప్పని విషయం ఒకటుంది. మీరెంత ప్రేమించినా ఇంకో గుర్రానికి మీరు సాటి రారు. ఒంటరిగా కట్టేసిన గుర్రం మిమ్మల్ని చూసి సకిలిస్తే అది ప్రేమ అనుకోవడం తేలిక, అది దిగులు కూడా అయ్యుండొచ్చు. పక్కన తోడు గుర్రం వచ్చాక చుక్కి నన్ను పట్టించుకోవడం సగానికి సగం తగ్గింది, కొన్నాళ్లు ఉడుక్కున్నాను కూడా. కానీ ఆ తర్వాత వచ్చిన ప్రతి అడుగూ వేరే గతి లేక వచ్చింది కాదు.

గుర్రాలు నిలబడే కునుకు తీస్తాయని అందరికీ తెలుసు, కానీ గాఢ నిద్రకి మాత్రం పడుకోవాల్సిందే, భయం లేదనుకుంటే తప్ప పడుకోవు. తెచ్చిన పద్నాలుగో నెలలో ఒక పొద్దున నేను గేటు తీసినా చుక్కి లేవలేదు. నాలుగు కాళ్లూ చాపి, కింది పెదవి వేలాడేసి, ఒక చెవి మాత్రం నా వైపు తిప్పి, మళ్లీ నిద్రలోకి జారుకుంది. మీకూ అలాంటి పొద్దు ఒకటి వస్తుంది. వచ్చినప్పుడు ఫోటో తీద్దామని దగ్గరికి వెళ్లకండి. నేను వెళ్లాను, లేచిపోయింది.