వరద నీళ్లు తీశాక ఇంటి నష్టానికి సాయం పొందడం ఎలా? తిరుపతి, చిత్తూరు జిల్లాల వాళ్ల కోసం

నీళ్లు తీయగానే ఎవరైనా మొదట చేసే పని ఇల్లు కడుక్కోవడమే. దయచేసి ఒక్క గంట ఆగండి. చీపురు పట్టుకునే ముందు ఫోన్ తీయండి. ఇల్లు కడిగేశాక నష్టం ఎంతో చెప్పడానికి మన మాట తప్ప ఏమీ మిగలదు.

గోడ మీద నీళ్లు నిలిచిన చోట బురద చార ఉంటుంది. దాని పక్కన టేపు పెట్టి, ఎన్ని అడుగులో కనపడేలా ఫొటో తీయండి. ఇంటి నంబరు కనపడేలా ఒకటి, పగిలిన గోడ, కూలిన కప్పు, తడిసిన బీరువా, పరుపులు, వంటసామాను విడివిడిగా తీయండి. నీళ్లు ఏ రోజు, ఏ వేళకి వచ్చాయో, ఎప్పుడు తీశాయో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. మీటరు బోర్డు తడిసి ఉంటే స్విచ్ ముట్టుకోవద్దు, 1912కి ఫోన్ చేయండి.

ఇన్‌కం సర్టిఫికెట్‌లాగా మనం అర్జీ పెడితేనే మొదలయ్యే పని కాదిది. ప్రభుత్వం నష్టం లెక్కించమని ఆదేశించాక వీఆర్వో, సచివాలయం సిబ్బంది ఇంటింటికీ వస్తారు. అప్పుడు తలుపుకు తాళం ఉంటే పేరు జారిపోయే ప్రమాదం ఉంది. 2021 నవంబరులో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు ముప్పు వచ్చి చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించారు. అలా బంధువులింటికో పునరావాస కేంద్రానికో వెళ్లినవాళ్లు సర్వే ఎప్పుడో సచివాలయంలో కనుక్కుని, ఆ రోజుకు ఒకరైనా ఇంటి దగ్గర ఉండాలి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, ఇంటి పన్ను రసీదు లేదా పట్టా జిరాక్సులు దగ్గర పెట్టుకోండి. తడిసిన కాగితాలను ఎర్రటి ఎండలో వేయకుండా నీడలో, ఫ్యాను గాలికి ఆరబెట్టండి.

ఎంత వస్తుంది? 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన విపత్తు సాయం నిబంధనల ప్రకారం, మైదాన ప్రాంతంలో పూర్తిగా గానీ, తీవ్రంగా గానీ దెబ్బతిన్న ఇంటికి 1,20,000 రూపాయలు. కనీసం 15 శాతం దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. గుడిసెకు 8,000. ఇల్లు కొట్టుకుపోయినా, రెండు రోజులకు మించి బాగా మునిగి ఉన్నా, కుటుంబానికి బట్టలకు 2,500, వంటపాత్రలకు 2,500. తేదీలు రాసిపెట్టుకోమన్నది అందుకే. రాష్ట్ర ప్రభుత్వం అదనంగా ప్రకటిస్తే దానికి వేరే జీవో వస్తుంది.

చాలామందిని వేధించేది 15 శాతం లెక్క. ‘గోడ పగిలింది’ అని ఊరుకోకుండా ఏ గది, ఏ గోడ, ఎన్ని అడుగుల పొడవున పగిలిందో చెప్పి, దగ్గరుండి చూపించండి. అద్దెకున్నవాళ్లు ఇంటి నష్టం అడగలేకపోయినా, బట్టలు, పాత్రల సాయం నివాసమున్న కుటుంబానిదే. ఓనరు పేరొక్కటే రాసుకుని వెళ్లిపోతుంటే, ‘సార్, ఇక్కడ ఉంటున్నది మేమండీ’ అని చెప్పి మీ పేరు కూడా రాయించుకోండి. మొహమాటపడాల్సిన పని లేదు.

సర్వే అయ్యాక జాబితా సచివాలయంలో అంటిస్తారు. వెళ్లి పేరు, ఆధార్, నష్టం రకం మూడూ చూసుకోండి. పక్కా ఇల్లు కచ్చాగా పడినా అప్పుడే అడగాలి. ఖాతాకు ఆధార్ లింకు ఉందో లేదో బ్యాంకులో కనుక్కోండి, లేకపోతే మంజూరైన డబ్బు కూడా జమ కాకపోవచ్చు.

పేరు లేకపోతే తహసీల్దార్ పేరిట తెల్లకాగితం మీద అర్జీ రాసి, ఫొటోలు, జిరాక్సులు జతచేసి సచివాలయంలోనో మండల ఆఫీసులోనో ఇవ్వండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి, లేదా 1100కి ఫోన్ చేయండి. ఎక్కడిచ్చినా రసీదు అడిగి తీసుకోండి. తర్వాత ‘మీ అర్జీ రాలేదు’ అన్నవాళ్లకు చూపించాల్సింది ఆ నంబరే.