సున్నమా, జిప్సమా: ఆమ్ల నేలలు, చౌడు నేలల సవరణ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వానలకు కాల్షియం కొట్టుకుపోయిన ఎర్ర గరువుల్లో (మెట్ట నేలల్లో) ఆమ్ల గుణం కనిపిస్తుంది. నౌపడ ఉప్పు మడుల చెంత, పోటు నీరు ఎక్కే పల్లాల్లో ఉప్పు పేరుకుని నేల చౌడు బారుతుంది. రెంటికీ విరుగుడు ఒకటి కాదు కనుక ఏదైనా కొనే ముందు భూసార పరీక్ష చేయించుకోవాలి.

పంట కోసిన తర్వాత, ఎరువు వేయకముందు, ఎకరంలో ఎనిమిది పది చోట్ల పైచెత్త తీసి, 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, దాని అంచు నుంచి పైనుంచి కింది దాకా పలుచగా మట్టి చెక్కాలి. గట్లు, చెట్ల నీడ, పెంటకుప్పలు ఉన్న చోట్లను వదిలేయాలి. అంతా కలిపి అర కిలో నీడన ఆరబెట్టి, శుభ్రమైన సంచిలో పంపాలి. ఎరువుల సంచి పనికిరాదు. గరువునూ పల్లాన్నీ ఒకే నమూనాలో కలపకూడదు.

ఉదజని సూచిక (pH, నేల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) 6.5 నుంచి 7.5 మధ్య ఉంటే సవరణ అక్కరలేదు. 5.5 కంటే తగ్గితే అల్యూమినియం కరిగి వేళ్లను దెబ్బతీస్తుంది, వేసిన భాస్వరం మొక్కకు అందదు. అప్పుడు మెత్తని సున్నపురాయి పొడిని గాని డోలమైట్‌ను (మెగ్నీషియం కూడా ఉన్న సున్నపురాయిని) గాని విత్తడానికి మూడు నాలుగు వారాల ముందు, నేల పదునుగా ఉండగా చల్లి కలియదున్నాలి. మోతాదు పరీక్షను బట్టే ఉండాలి. ఇసుక నేలకు తక్కువ చాలు, మితిమీరితే జింకు, బోరాన్ లోపాలు వస్తాయి. సున్నాన్ని యూరియాతో కలిపి వేస్తే నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. వేరుశనగకు వేసే జిప్సం కాయకు కాల్షియం, గంధకం ఇస్తుందే తప్ప ఆమ్లత్వాన్ని తగ్గించదు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు.

చౌడులోనూ రెండు రకాలున్నాయి. నేలపై తెల్లని పొర కట్టే పాల చౌడులో సూచిక 8.5 లోపే ఉంటుంది. దానికి జిప్సంతో పనిలేదు. మురుగు కాలువ తీసి, గట్టు వేసి, మంచినీటిని నిలగట్టి ఉప్పును కడిగి పంపాలి. వానకాలమే ఇందుకు అనువైన కాలం. సూచిక 8.5 దాటి, సోడియం పట్టిన కారు చౌడుకు మాత్రం పరీక్ష చెప్పినంత జిప్సం పైమట్టిలో కలిపి, నీరు నిలగట్టి, తర్వాత మురుగు తీసేయాలి. ఆపై పచ్చిరొట్ట పైరైన జీలుగ చల్లి పూత దశలో కలియదున్నాలి. మురుగు పోయే దారి లేని మడిలో జిప్సం వేయడం డబ్బు దండగ.

నీరు నిలిచిన వరి మడిలో సూచిక తటస్థానికి దగ్గరవుతుంది కనుక, వరి బాగుందని నేలను నమ్మలేము. తర్వాతి మినుము, పెసర పైరు ఎక్కడ గిడసబారిందో గుర్తుపెట్టుకుని, ఆ చోట్ల మట్టిని విడిగా పరీక్షకు పంపాలి.