హిజ్రీ పండుగలు నేర్చుకుందాం – 3వ పాఠం: తెలుగు క్యాలెండర్‌లో నెలవంక

పోయిన పాఠంలో హిజ్రీ, అంటే ముస్లింల చాంద్రమాన క్యాలెండర్‌లో, మొహర్రం నుంచి జిల్‌హజ్ దాకా పన్నెండు నెలల పేర్లు చదివాం. అవి నోటికి రాకపోతే ఇక్కడే ఆగి మళ్ళీ ఒకసారి అనుకోండి. ఈ పాఠం పని ఒకటే: గోడకున్న తెలుగు క్యాలెండర్ చూసి ముస్లిం పండుగ ఎప్పుడొస్తుందో చెప్పడం.

ముందు అమావాస్య పట్టుకోండి. ఆ మర్నాడో, ఆ పైరోజో సాయంత్రం పడమట నెలవంక కనబడుతుంది. హిజ్రీ రోజు పొద్దుగూకడంతోనే మొదలవుతుంది కాబట్టి నెల పుట్టేది ఆ సాయంత్రమే. ఒకటో తేదీ పగలు మాత్రం తెల్లారాక. 2024లో ఉగాది ఏప్రిల్ 9న, నెలవంక 10 సాయంత్రం, రంజాన్ పండుగ (షవ్వాల్ 1) 11న. 2025లో ఉగాది మార్చి 30న. ఆ సాయంత్రమే నెలవంక కనబడి 31న రంజాన్ చేశారు. సౌదీలో పండుగ ఒకరోజు ముందే వచ్చింది, అక్కడున్న మనవాళ్ళకు ఉగాది పచ్చడి, షీర్‌ఖుర్మా ఒకేరోజు!

సూత్రం తేలింది కదా: హిజ్రీ తేదీకి ఒకటో రెండో కలిపితే మన తిథి. బక్రీద్ జిల్‌హజ్ 10, అంటే ఏకాదశి, ద్వాదశి ప్రాంతం. ప్రవక్త పుట్టినరోజు మిలాద్ ఉన్ నబీ రబీ ఉల్ అవ్వల్ 12. 2023లో అది సెప్టెంబర్ 28న సరిగ్గా వినాయక నిమజ్జనం రోజే పడింది; హైదరాబాద్‌లో మిలాద్ ఊరేగింపును అక్టోబర్ 1కి వాయిదా వేసుకున్నారు. షాబాన్ 15 రాత్రి చేసే షబ్-ఎ-బరాత్ జాగారం పున్నమి రాత్రో, మర్నాటి రాత్రో.

తిథి సరే, నెల సంగతి? చిక్కంతా ఇక్కడే. తొలి ఏకాదశినే చూడండి. 2022 జులై 10న, 2023 జూన్ 29న ఆ రోజే బక్రీద్. 2024 జులై 17న, 2025 జులై 6న మాత్రం ఆ రోజు మొహర్రం పదో నాడు. మధ్యలో ఏం జరిగింది? 2023లో అధిక శ్రావణం వచ్చింది. మనం ఒక నెల ఎక్కువ లెక్కపెట్టి ఎండకూ వానకూ సరిపెట్టుకుంటాం. హిజ్రీలో అధికమాసం లేదు. ఏడాది 354 లేదా 355 రోజులే. అందుకే మన అధికమాసం దాటిన ప్రతిసారీ హిజ్రీ నెల ఒకటి ముందుకు జరిగి కూర్చుంటుంది.

బక్రీద్, మొహర్రం పక్కపక్క నెలల్లోనే ఉన్నా తీరు వేరు. బక్రీద్‌కు ఈద్గాలో నమాజు, తర్వాత ఖుర్బానీ (జంతుబలి). మాంసంలో ఒక వంతు ఇంటికి, ఒకటి బంధుమిత్రులకు, ఒకటి పేదలకు. మొహర్రం పదో నాడు కర్బలాలో ప్రవక్త మనవడు ఇమామ్ హుసేన్ అమరుడైన రోజు. హైదరాబాద్ పాతబస్తీలో బీబీ కా ఆలం అనే పవిత్ర ధ్వజం వెంట షియాలు నల్లబట్టల్లో గుండెలు బాదుకుంటూ నడుస్తారు. ఆ రోజు ఫోన్లో శుభాకాంక్షలు పంపేవాళ్ళున్నారు, దయచేసి పంపకండి. మన పల్లెల్లో అదే పీర్ల పండుగ: చావిడి ముందు గుండం తవ్వి నిప్పు వేస్తారు, పీర్లకు దట్టీలు (గుడ్డలు) కడతారు, మలీద అనే తీపి పెడతారు. మొక్కేవాళ్ళలో చాలా ఊళ్ళలో హిందువులే ఎక్కువ. నెల్లూరు బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగ కూడా మొహర్రం నెలలోనే.

అభ్యాసం: 2026లో జ్యేష్ఠం అధికం. ఆ ఏడు తొలి ఏకాదశి నాటికి ఏ హిజ్రీ నెల నడుస్తుంటుంది? ఆ రోజు ముస్లిం పండుగ ఏదైనా పడుతుందా? కాగితం మీద లెక్క వేసి ఉంచుకోండి, 4వ పాఠం ఆ జవాబుతోనే మొదలుపెడదాం.