పేస్ట్ ఎప్పుడు గడ్డకడుతుందో రెజిన్ బస్తా దగ్గరే తేలిపోతుంది

చంద్రాపూర్, బల్లార్షా వైపు పనిముట్ల పిడులకి పీవీసీ పేస్ట్‌లో (రెజిన్ అనే పీవీసీ పొడిని మెత్తబరిచే నూనెలో కలిపిన ముద్ద) డిప్పింగ్ చేసే మనవాళ్లకి ఎండాకాలం వస్తే ఒకటే టెన్షన్, పొద్దున కలిపిన పేస్ట్ సాయంత్రానికి చిక్కబడిపోతుంది. వెంటనే డ్రమ్ములో ఇంకాస్త డీఓపీ, అంటే ఆ మెత్తబరిచే నూనె, పోసేస్తారు. దయచేసి పోయకండి, పిడి మెత్తబడిపోతుంది, అసలు కారణం మాత్రం అలాగే ఉంటుంది. ముందు రెజిన్ రేణువు సంగతి చూడండి.

పైపులకి వాడే సస్పెన్షన్ రెజిన్ రేణువు 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటే, పేస్ట్ రెజిన్‌లో అసలు రేణువు ఒక మైక్రాన్‌కి అటూ ఇటూ. రవ్వ కంటే మైదా తొందరగా నీళ్లు లాగేసినట్టు, రేణువు ఎంత సన్నగా ఉంటే అంత తొందరగా నూనె పీల్చుకుని ఉబ్బుతుంది. అంటే ఓవెన్‌లో తక్కువ వేడికే జెల్ అవుతుంది, అంటే జారకుండా గడ్డకడుతుంది, బాగానే ఉంది, కానీ మే నెలలో 45 డిగ్రీలు దాటే మన ఊళ్లలో ఆ ఉబ్బడం డ్రమ్ములోనే మొదలైపోతుంది.

అందుకే మన ఎండలకి నేనైతే మరీ సన్న గ్రేడ్ తీసుకోను. ఉన్న రెజిన్‌లో కొంత తగ్గించి, దాని బదులు 20 నుంచి 60 మైక్రాన్ల బ్లెండింగ్ రెజిన్ కలపండి. పెద్ద రేణువుల సందుల్లో చిన్నవి సర్దుకుంటాయి కాబట్టి నూనె పెంచకుండానే పేస్ట్ పలచగా జారుతుంది. జెల్ అవడం కాస్త ఆలస్యమవుతుంది, పైన మెరుపు కొంచెం తగ్గుతుంది, అంతే.

బస్తాతో వచ్చే కాగితంలో కే వాల్యూ (పీవీసీ అణువుల గొలుసు ఎంత పొడవో చెప్పే అంకె) కూడా చూడండి. 65 దగ్గర ఉంటే తక్కువ వేడికే కరిగి కలిసిపోతుంది, 75 దగ్గర ఉంటే ఎక్కువ వేడి కావాలి కానీ సరుకు గట్టిగా వస్తుంది. వినైల్ అసిటేట్ కలిసిన రకమైతే ఇంకా ముందే జెల్ అవుతుంది, ఎండాకాలంలో దాని జోలికి పోకండి.

కొత్త బస్తా విప్పగానే చిన్న పరీక్ష చేయండి. స్టీలు గ్లాసులో కాస్త పేస్ట్ పోసి, నీళ్ల గిన్నెలో పెట్టి, సన్న మంట మీద స్పూనుతో కలుపుతూ థర్మామీటర్ చూస్తూ ఉండండి. వంచినా జారకుండా నిలబడిన చోట ఎన్ని డిగ్రీలుందో బస్తా మీదే రాసేయండి. మామూలుగా 60 నుంచి 90 మధ్య వస్తుంది. పాత బస్తా కంటే బాగా తక్కువకే నిలబడిందంటే ఆ పేస్ట్ ఏ పూటకి ఆ పూటే కలుపుకోండి, డ్రమ్ము నీడలో, తడి గోనె చుట్టి ఉంచండి.

ఇంకో మాట, జెల్ అయిందంటే ఉడికిపోయినట్టు కాదు. ఆ దశలో పిడి పొడిగా కనిపిస్తుంది కానీ గోరుతో గీరితే రాలిపోతుంది. అసలు బలం రావాలంటే సరుకు లోపలి దాకా 160 నుంచి 190 డిగ్రీలు తగలాలి. అనుమానముంటే చిన్న ముక్క కోసి అసిటోన్‌లో కాసేపు నానబెట్టండి, మంట దగ్గర మాత్రం వద్దు. సరిగ్గా ఉడకనిదైతే ఉబ్బి ముక్కలుగా విడిపోతుంది.