పాత కారు పని నేర్చుకుందాం – 6వ పాఠం: అంబాసిడర్ హ్యాండ్‌బ్రేకు బిగింపు

పోయిన పాఠంలో వెనక బ్రేకు డ్రమ్ములు విప్పి, లోపలి షూల (డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి చక్రాన్ని ఆపే వంపు ముక్కలు) మీది లైనింగు చూశాం. లైనింగు బాగానే ఉండి, లివరు పైదాకా లాగినా బండి నిలవకపోతే చాలామంది నేరుగా కిందికి దూరి కేబులు నట్టు బిగిస్తారు. పని చెడేది అక్కడే. షూలకీ డ్రమ్ముకీ మధ్య సందు పెరిగిందని కేబులుతో సరిపెడితే, డ్రమ్ములోని చిన్న లివరు ఎప్పుడూ కొంత లాగినట్టే ఉండిపోతుంది. షూలు పూర్తిగా వెనక్కి రావు. లైనింగు రాసుకుని కాలుతుంది, తర్వాత అడ్జస్టరు (షూల సందు సరిచేసే మర) ఎంత తిప్పినా లెక్క కుదరదు. అందుకని ముందు షూలు, ఆ తర్వాతే కేబులు.

చదునైన గట్టి నేల మీద బండి పెట్టి, ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్లు వేయండి. గేరు న్యూట్రల్‌కి తెచ్చి, హ్యాండ్‌బ్రేకు పూర్తిగా వదిలి, వెనక భాగం జాకీతో ఎత్తి యాక్సిల్ కింద రెండు స్టాండ్లు పెట్టండి. ఇటుకలు పెట్టొద్దు, బరువుకు పగులుతాయి.

అడ్జస్టరు కొన్ని బండ్లలో బ్యాక్‌ప్లేటు (డ్రమ్ము వెనక మూసి ఉండే రేకు) వెనక చదరపు తలతో ఉంటుంది, కొన్నింటిలో డ్రమ్ము రంధ్రంలోంచి స్క్రూడ్రైవరుకు అందుతుంది. చదరపు తలకు దాని స్పానరే వాడాలి. కటింగ్ ప్లేయరు పడితే మూలలు గుండ్రమై ఇక దేనికీ పట్టు దొరకదు. తుప్పు పట్టి ఉంటే ముందు రోజు రాత్రే బయటి మరలకు మాత్రం తుప్పు వదిలించే నూనె వేయండి. ఒక్క చుక్క లోపలికి దిగినా లైనింగు పాడే.

చక్రం కదలనంత వరకు బిగించండి. ఎవరినైనా కాలి బ్రేకు గట్టిగా రెండుసార్లు తొక్కమనండి, షూలు మధ్యకు సర్దుకుంటాయి. చక్రం మళ్లీ తిరిగితే ఇంకాస్త బిగించి, అప్పుడు ఒక్కో మెట్టు వదులుతూ స్వేచ్ఛగా తిరిగేదాకా రండి. ఒకచోట సన్నగా రాసుకున్న చప్పుడు వస్తే పర్లేదు. చుట్టంతా ఒకేలా మెత్తగా బరువనిపిస్తే అది షూ కాదు, డిఫరెన్షియల్‌లోని (వెనక యాక్సిల్ మధ్య ఉండే గేర్ల పెట్టె) గేరు ఆయిలు. రెండో చక్రం ఎదురు తిరిగేది ఆ డిఫరెన్షియల్ గేర్ల వల్లే. ఇటు అయ్యాక అటు చేయండి.

ఇప్పుడు లివరు 3 టక్కులు (లాగేటప్పుడు పళ్ల మీద వచ్చే చప్పుళ్లు) లాగి, చక్రాలు రెండు చేతులతో బలంగా తోస్తే తప్ప కదలనంత వరకు కేబులు నట్టు బిగించండి. లివరు వదిలితే రెండూ తేలిగ్గా తిరగాలి. అలా తిరిగాకే లాక్ నట్టు.

ఒక వైపే పట్టిందంటే కేబులు తొడుగులో తుప్పు ఉంది, లేదా జాయింటు పిన్ను బిగుసుకుంది. కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రపు గాలి ఊళ్లలో తుప్పు, చీమకుర్తి వైపు గ్రానైటు దుమ్ము. పిన్ను విప్పి తుడిచి గ్రీజు పెడితే చాలాసార్లు సరిపోతుంది. కేబులే మార్చాల్సి వస్తే పాతది పక్కన పెట్టి పొడవు కొలుచుకుని కొనండి. బండి తయారీ 2014లోనే ఆగింది, షాపులో దొరికేవన్నీ ఒకే కొలత ఉండవు.

మన మైదానంలో పరీక్షకు చెరువు కట్ట ఎక్కే దారి చాలు. మొహం పైకీ, కిందికీ రెండు వైపులా నిలిపి చూడండి, లివరు 5–6 టక్కుల్లోపే పట్టాలి. తర్వాత నాలుగైదు కిలోమీటర్లు నడిపి డ్రమ్ముల మీద నీటి చుక్క చల్లండి. ఒకదాని మీదే చుర్రుమంటే ఆ వైపు ఒక మెట్టు వదలండి.

కార్తీక మాసం వానల్లో నీళ్లలోంచి వచ్చిన బండికి రాత్రి హ్యాండ్‌బ్రేకు వేసి ఉంచొద్దు. తడి షూలు డ్రమ్ముకు అతుక్కుంటాయి. మొదటి గేరులో పెట్టి, చక్రానికి రాయి అడ్డం వేయండి.