రబ్బరు మాస్కుకు ఫిల్టర్లు, కాట్రిడ్జ్‌లు: డెల్టా పనులకు తగినవి ఎంచుకోవడం, వేళకు మార్చడం

పలుమార్లు వాడుకునే రబ్బరు మాస్కు కొనేవారు సాధారణంగా ముఖానికి పట్టే భాగం మెత్తగా ఉందా, పట్టీలు గట్టిగా ఉన్నాయా అని చూస్తారు. నిజానికి ఊపిరితిత్తులను కాపాడేవి దానికి రెండువైపులా బిగించే ఫిల్టర్లూ కాట్రిడ్జ్‌లే. గోదావరి డెల్టాలో ఒకే రకం మాస్కును రైస్ మిల్లు బాయిలర్ దగ్గర ఊక బూడిద ఎత్తే కూలీ, రొయ్యల ఫ్యాక్టరీ ఐస్ ప్లాంటులో అమ్మోనియా కంప్రెసర్ చూసుకునే ఆపరేటరు, దాళ్వా వరికి మందు కొట్టే రైతు, లారీలకు రంగు వేసే పెయింటరు కూడా పెట్టుకుంటారు. ఆ నలుగురికీ కావలసిన ఫిల్టర్లు, కాట్రిడ్జ్‌లు మాత్రం వేరువేరు.

ముందుగా ఒక హద్దు గీసుకోవాలి. ఫిల్టరు గాలిలోని నలకలను, తుంపరలను ఆపుతుంది. కాట్రిడ్జ్‌లోని బొగ్గు ఆవిరిని, వాయువును పట్టుకుంటుంది. ఒకటి చేసే పని రెండోది చేయలేదు. ఆక్సిజన్‌ను పుట్టించే శక్తి ఈ రెండింటికీ లేదు. కాబట్టి పాడుబడిన బావిలోకి, సెప్టిక్ ట్యాంకులోకి, చేపల వ్యర్థాలు నిల్వ ఉన్న తొట్టిలోకి ఎంత ఖరీదైన కాట్రిడ్జ్ పెట్టుకున్నా దిగకూడదు. గాలిలో ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గిన చోట, జనరేటరు పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ చేరిన చోట, ఏ వాయువు ఉందో తెలియని చోట బయటినుంచి గాలి అందించే పరికరమే వాడాలి.

ఎంపికలో ఎక్కువగా తడబడేది రంగుల దగ్గర. మన మార్కెట్‌లోకి అమెరికా పద్ధతి సరుకు, యూరప్ పద్ధతి సరుకు రెండూ వస్తాయి. ఒకే రంగుకు అక్కడొక అర్థం, ఇక్కడొక అర్థం ఉంటుంది. అమెరికా పద్ధతిలో థిన్నర్ వంటి సేంద్రియ ఆవిరులకు నలుపు, ఆమ్ల వాయువులకు తెలుపు, ఆ రెండింటికీ కలిపి పసుపు పట్టీ వేస్తారు. యూరప్ పద్ధతిలో సేంద్రియ ఆవిరులకు గోధుమ రంగు, క్లోరిన్ వంటి వాటికి బూడిద రంగు, సల్ఫర్ డయాక్సైడ్ వంటి ఆమ్ల వాయువులకు పసుపు వేస్తారు. ఈ పద్ధతిలో తెలుపు ధూళి ఫిల్టరుకు గుర్తు. అంటే పాత డబ్బా పసుపు కాబట్టి కొత్తదీ పసుపే తెమ్మని పంపితే, థిన్నర్ ఆవిరిని ఆపడానికి ఉద్దేశించని కాట్రిడ్జ్ పెయింటరు చేతికి రావచ్చు. అమ్మోనియాకు మాత్రం రెండు పద్ధతుల్లోనూ ఆకుపచ్చే. అందువల్ల రంగు మీద ఆధారపడకుండా, కాట్రిడ్జ్ మీది రంగు పట్టీపై అచ్చైన అక్షరాలను, ఏ వాయువుకు ఆమోదం ఉందో తెలిపే వాక్యాన్ని చదివి కొనాలి. మందు డబ్బా మీది లేబులు, రసాయనంతో వచ్చే భద్రతా సమాచార పత్రం కూడా దుకాణానికి తీసుకెళ్తే మంచిది.

ఇక పనుల వారీగా చూద్దాం. ఊక బూడిదలో ఊపిరితిత్తులను దెబ్బతీసే సిలికా ఉంటుంది. దానికి కాట్రిడ్జ్ అవసరం లేదు, సన్నని నలకలను ఆపే అమెరికా పీ100 లేదా యూరప్ పీ3 తరగతి ఫిల్టరు చాలు. కొబ్బరి పీచు తీసే చోట లేచే పొట్టుకు అమెరికా ఎన్95 లేదా యూరప్ పీ2 సరిపోతుంది. పురుగుమందు కొట్టేటప్పుడు తుంపరా ఉంటుంది, ఆవిరీ ఉంటుంది. కాబట్టి సేంద్రియ ఆవిరి కాట్రిడ్జ్‌కు ముందు ధూళి ఫిల్టరు కూడా ఉండాలి. నీళ్లలో కలిపితే పాలలా మారే మందుల్లో నూనె జాతి ద్రావకాలుంటాయి గనుక అమెరికా పద్ధతి ఫిల్టర్లలో నూనెకు తట్టుకోని ఎన్ రకం ఇక్కడ పనికిరాదు, తట్టుకునే ఆర్ లేదా పీ రకం తీసుకోవాలి. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని మందు కొట్టడం మన పొలాల్లో మామూలే గానీ, తడిసిన తువ్వాలు మందును ముఖానికి పట్టు వేసినట్టు అంటిపెట్టి ఉంచుతుంది. ఐస్ ప్లాంటులో అమ్మోనియా కళ్లను కూడా మండిస్తుంది గనుక ఆకుపచ్చ కాట్రిడ్జ్‌ను ముఖమంతా కప్పే మాస్కుకే బిగించుకోవాలి. పైపు పగిలి పెద్ద లీకు అయినప్పుడు ఆ మాస్కు బయటికి పరుగెత్తడానికే. లోపలికెళ్లి వాల్వు మూయడానికి సిలిండరు ఉన్న శ్వాస పరికరం కావాలి. గింజలకు పురుగు పట్టకుండా గోదాముల్లో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. ఆ పేరు స్పష్టంగా రాసి ఉన్న కాట్రిడ్జ్ తప్ప మరొకటి నమ్మరాదు. గట్టిపడటానికి హార్డెనర్ కలిపే రంగుల్లోని ఐసోసయనేట్ అనే రసాయనం హాని చేసే స్థాయిలో ఉన్నా వాసన తెలియదు. అటువంటి షెడ్డులో బయటినుంచి గొట్టం ద్వారా గాలి తీసుకోవడమే మేలు.

ఎప్పుడు మార్చాలన్నది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. వాసన వచ్చాక మారుస్తామనేది చాలామంది పద్ధతి. నా దృష్టిలో అదే అన్నిటికంటే ప్రమాదకరమైన అలవాటు, ఎందుకంటే వాసన లోపలికి వచ్చిందంటే విషమూ వచ్చినట్టే, పైగా కొన్నిటికి వాసనే ఉండదు. మార్చే వేళను గంటల లెక్కన ముందే రాసిపెట్టుకోవాలి. కంపెనీ ఇచ్చిన పట్టికే మొదటి ఆధారం. అది లేనప్పుడు అంచనాకు అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా చెప్పే లెక్క ఒకటుంది: రసాయనం మరిగే ఉష్ణోగ్రత 70 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఉండి, గాలిలో అది పది లక్షల పాళ్లకు 200 పాళ్లలోపే ఉంటే, మామూలు శ్రమకు కాట్రిడ్జ్ సుమారు 8 గంటలు వస్తుందనుకోవచ్చు. గాలిలో తేమ 85 శాతం దాటితే ఆ ఆయుష్షు సగానికి పడిపోతుంది. బొగ్గు సందుల్లో ఆవిరికి దక్కవలసిన చోటును నీరే ఆక్రమించడం దీనికి కారణం. వానాకాలంలోనూ, మంచు కురిసే ఉదయాల్లోనూ డెల్టాలో అంత తేమ ఉండటం అరుదు కాదు; కాబట్టి ఇక్కడ 8 గంటలను 4 గంటలుగానే లెక్కవేయాలి. బరువు మోస్తూ గట్టిగా ఊపిరి పీల్చేవారికి ఇంకా తగ్గుతుంది. 110 డిగ్రీల దగ్గర మరిగే టొలుయీన్‌కు ఈ అంచనా పనికొస్తుంది గానీ 56 డిగ్రీలకే మరిగే అసిటోన్‌కు పనికిరాదు. అలాంటి తేలిక ద్రావకాలు రాత్రంతా బొగ్గులో కదులుతూ లోపలి వైపుకు చేరి, మర్నాడు మాస్కు పెట్టుకున్న మొదటి శ్వాసతోనే ముక్కులోకి వస్తాయి. అందుకే వాటికి వాడిన కాట్రిడ్జ్‌ను మరుసటి రోజుకు దాచకూడదు.

ధూళి ఫిల్టరు సంగతి వేరు. అది నిండేకొద్దీ సాధారణంగా వడపోత తగ్గదు, ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది. ఊపిరి బరువైనా, చిరిగినా, తడిసినా, మురికిపట్టినా మార్చాలి. కంప్రెసర్ గాలితో ఊది శుభ్రం చేయడం, శానిటైజర్ చల్లడం పొరపాటు: ఊదితే పొర చిరుగుతుంది, ఆల్కహాలు తగిలితే నలకలను ఆకర్షించే విద్యుదావేశం పోతుంది.

మార్చేటప్పుడు కలుషితమైన చోటికి దూరంగా, చేతులు కడుక్కున్నాక పని మొదలుపెట్టాలి. మాస్కు ఏ కంపెనీదో కాట్రిడ్జ్ కూడా ఆ కంపెనీదే కావాలి. పట్టినట్టే అనిపించినా వేరే కంపెనీది పూర్తిగా బిగుసుకోకపోవచ్చు, దాని ఆమోదమూ చెల్లదు. డబ్బా మీద గడువు తేదీ చూసి, సీలు చెక్కుచెదరలేదని నిర్ధారించుకుని, రెండు వైపులా ఒకేసారి మార్చి, తెరిచిన తేదీని, గంటను కాట్రిడ్జ్ మీదే మార్కర్‌తో రాయాలి. పాతవి తీశాక గాడిలోని రబ్బరు వాషరు ఉందో లేదో వేలితో తడిమి చూడాలి. ఆపై గాలి బయటికి పోయే కవాటం మూత తీసి చూడాలి: పీచు పనివారి మాస్కుల్లో ఆ పలుచని రబ్బరు రేకు కింద వెంట్రుకంత పీచుపోగు చిక్కుకుని, రేకును ఒక అంచున ఎత్తిపెట్టి ఉంటుంది, ఎదురుగా చూస్తే కనబడదు, పక్కనుంచి వెలుతురుకు పట్టి చూస్తే సన్నని సందు తెలుస్తుంది. ఆ సందుగుండా వచ్చే గాలి ఏ ఫిల్టరులోనూ వడకట్టబడకుండానే లోపలికి వస్తుంది.

బిగించాక రెండు అరచేతులతో కాట్రిడ్జ్‌లను మూసి మెల్లగా గాలి పీల్చితే మాస్కు ముఖానికి అతుక్కుని కాసేపు అలాగే నిలవాలి. కవాటాన్ని మూసి మెల్లగా వదిలితే కొద్దిగా ఉబ్బాలి, అంచుల నుంచి గాలి కారకూడదు. గడ్డం ఉంటే ఈ పరీక్ష నెగ్గదు. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు గడ్డం తీయనివారికి ఆ దీక్ష పూర్తయ్యేదాకా మాస్కు అక్కరలేని పని అప్పగించడం మేస్త్రీ బాధ్యత.

పని కాగానే కాట్రిడ్జ్‌లు తీసి, ముఖభాగాన్ని సబ్బు నీళ్లతో కడిగి నీడన ఆరబెట్టాలి. ఇంకా గంటలు మిగిలిన కాట్రిడ్జ్‌లను గాలి చొరని సంచిలో మూసి ఉంచాలి, లేకపోతే మేకుకు వేలాడుతూ కూడా అవి గాలిలోని ఆవిరిని, తేమను పీల్చుకుంటూనే ఉంటాయి. పనికి కాలం చెల్లినవాటిని పంట కాలువలో పడేయకుండా, బిగించే గాడిని విరగ్గొట్టి, పురుగుమందు ఖాళీ డబ్బాలతో పాటు విడిగా ఉంచాలి; విరగ్గొట్టకపోతే పాత సామాన్లవాళ్ల దగ్గర్నుంచి ఎవరో ఒకరు తెచ్చి మళ్లీ వాడతారు.