అడవిలో ఒంటరి పోటీ, నిబంధనలు చదివే పద్ధతి – నాలుగో పాఠం: కనీస బరువు లెక్క

అడవిలో ఒంటరిగా అందరికన్నా ఎక్కువ రోజులు నిలిచినవారు గెలిచే టీవీ పోటీ ‘అలోన్’. దానికి వస్తువులు ఎంచుకుని, పోటీదారును ఎప్పుడు బయటికి పంపుతారో, కనీస బరువు ఎంతో రాయమని గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబులు చదివాక, ఈసారి చెప్పవలసిన వేట నిబంధనలను తరువాతి పాఠానికి జరపక తప్పలేదు. ‘అలోన్’ పోటీలో ఇచ్చే జాబితా నుంచి పది వస్తువులు ఎంచుకోవడంలో పెద్ద పొరపాట్లు లేవు. గాలపు దారాన్నీ కొక్కేలనూ వేరువేరుగా లెక్కపెట్టినవారు, జాబితాలో అవి కలిపి ఒకే వస్తువని గమనిస్తే చాలు. తడబాటంతా వైద్య తరలింపు దగ్గరే జరిగింది. విరమణ తెలపడానికి ఇచ్చే శాటిలైట్ ఫోను తామే తీసి విరమించుకుంటే తప్ప ఎవరూ తమను బయటికి పంపలేరని చాలామంది రాశారు.

విరమించుకోవడం పోటీదారు ఇష్టమే కాని, కొనసాగడం పూర్తిగా అతని చేతిలో లేదు. బీఎంఐ (కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తును అదే అంకెతో గుణించగా వచ్చినదానితో భాగిస్తే వచ్చే అంకె) 17కు గాని అంతకన్నా కిందికి గాని పడిపోతే వైద్య బృందం పోటీదారును తరలిస్తుంది. దక్షిణ అమెరికా దక్షిణ కొసన ఉన్న పటగోనియాలో జరిగిన మూడో సీజన్‌లో చివరి ఇద్దరిలో ఒకరిని 86వ రోజున ఈ కారణంతోనే తీసుకువెళ్లారు. రెండోవారు 87 రోజులతో విజేత అయ్యారు. పట్టుదల ఎంత ఉన్నా ఈ గీతను దాటలేమని ఆ ఒక్క రోజు తేడా చెబుతుంది.

కాబట్టి మీ కనీస బరువు, అంటే బీఎంఐ 17 దగ్గర ఉండే బరువు, ఎంతో ముందే తెలిసి ఉండాలి. మీటర్లలో ఎత్తును అదే అంకెతో గుణించి, వచ్చినదాన్ని 17తో గుణించండి. ఎత్తు 1.75 మీటర్లయితే 1.75 × 1.75 = 3.06; దాన్ని 17తో గుణిస్తే సుమారు 52 కిలోలు. ఇక్కడే చాలామంది ఎత్తును అదే అంకెతో గుణించడానికి బదులు రెండింతలు చేసి, 3.5 × 17 = 59.5 కిలోలని రాశారు. ఏడు కిలోలకు పైబడిన ఈ తప్పు చిన్నది కాదు. ఎత్తు సరిగ్గా 2 మీటర్లయినప్పుడు మాత్రమే రెండు పద్ధతులకూ ఒకే జవాబు వస్తుంది. అంతకన్నా పొట్టివారందరికీ రెండింతల లెక్క కనీస బరువును పెంచి చూపుతుంది. 1.60 మీటర్లవారికి అసలు జవాబు 43.5 కిలోలైతే, తప్పు లెక్కలో 54.4 వస్తుంది. సెంటీమీటర్లలో గుణించినవారు లక్షల్లో వచ్చిన జవాబును చూసైనా ఆగి ఉండవలసింది.

ఇప్పుడు ఇదే 1.75 మీటర్ల ఎత్తున్న ఇద్దరిని తీసుకోండి. ఒకరు 62 కిలోలు, మరొకరు 90 కిలోలు. రోజుకు 300 గ్రాములు తగ్గుతారని అనుకుంటే 52 కిలోలకు చేరడానికి మొదటివారికి 33 రోజులు, రెండోవారికి 126 రోజులు పడతాయి. అసలు శరీరంలో ఈ తగ్గుదల ఒకే వేగంతో సాగదు; వైద్యులు వేరే కారణాలతో ముందే తరలించవచ్చు కూడా. అయినా బక్కపలుచని శరీరంతో వెళ్లడాన్ని సన్నద్ధతగా భావించేవారు ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి.

పది వస్తువుల్లో విల్లుకన్నా, అనుమతి ఉన్నచోట, చేపల వలకే నేను మొగ్గుతాను. వల మనం నిద్రపోతున్నప్పుడూ పనిచేస్తుంది, కొవ్వున్న చేపలు బరువును నిలబెడతాయి. కుందేలు మాంసంలో కొవ్వు అతి తక్కువ కాబట్టి, దానిమీదే ఆధారపడినవారు కడుపు నిండినా నీరసించిపోతారు.

అభ్యాసం: మీ కనీస బరువు కట్టి, రోజుకు 200, 300, 400 గ్రాముల చొప్పున తగ్గితే ఎన్ని రోజులు నిలవగలరో లెక్కించండి. తరువాత మీ పది వస్తువుల్లో ప్రతిదీ ఆ తగ్గుదలను ఎలా నెమ్మదింపజేస్తుందో ఒక్కొక్క వాక్యంలో రాయండి. వాక్యం రాయలేకపోయిన వస్తువును తీసివేసి, దాని స్థానంలో మరొకటి ఎంచుకుని, కారణం చెప్పండి.